కొత్త స్టీరియో, దిగిపోయే బ్యాటరీ

కారులో కొత్త స్టీరియో బిగించిన కొద్ది రోజులకే పొద్దున సెల్ఫ్ కొట్టకపోతే, తప్పు సాధారణంగా మూడు చోట్ల ఒకచోట ఉంటుంది. తాళం తీశాక కూడా స్టీరియోకు కరెంటు వెళ్తూ ఉండవచ్చు. స్టీరియోతో పాటు అదే రోజు పెట్టించిన ఇంకో వస్తువు రాత్రంతా పనిచేస్తూ ఉండవచ్చు. లేదా బ్యాటరీ అప్పటికే పాతబడి, కాస్త అదనపు భారానికే చేతులెత్తేసి ఉండవచ్చు. మూడింటికీ పైకి కనిపించే లక్షణం ఒకటే: తాళం తిప్పితే టక్‌టక్‌మనే చప్పుడు, వెలిసిపోయినట్టు మినుకుమనే డాష్‌బోర్డు దీపాలు. అందుకే చాలామంది ముందు బ్యాటరీ మార్చేస్తారు. వైరింగ్‌లో తప్పుంటే అది చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. కొత్త బ్యాటరీ కొన్నాళ్లు నడిపించి అదీ దిగిపోతుంది. ఏదీ కొనకముందే, ఏ వైరూ కొయ్యకముందే, తాళం తీసిన కారు ఎంత కరెంటు లాగుతోందో కొలవాలి. మిగతా పనంతా ఆ అంకె మీదే ఆధారపడుతుంది.

బెంగళూరు తూర్పు భాగంలోని కె.ఆర్.పురం లాంటి చోట ఈ తప్పు త్వరగా బయటపడుతుంది. 2023 మార్చి 25న కె.ఆర్.పురం నుంచి వైట్‌ఫీల్డ్‌కు, అదే ఏడాది అక్టోబరు 9న బైయప్పనహళ్లి వైపు మెట్రో మొదలయ్యాక, ఆఫీసుకు రైల్లో వెళ్లి కారును అపార్ట్‌మెంటు సెల్లార్‌లోనే ఉంచేవాళ్లు పెరిగారు. ఆదివారం రాత్రి 9 గంటలకు పెట్టిన కారును శనివారం పొద్దున 9కి తీస్తే మధ్యలో 132 గంటలు. చిన్న కార్లలో మామూలుగా ఉండేది 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ. కారు నిద్రలో 30 మిల్లీ ఆంపియర్లు లాగితే ఆ 132 గంటల్లో పోయేది 4 ఆంపియర్ అవర్లు. బండి ఇట్టే స్టార్ట్ అవుతుంది. 150 మిల్లీ ఆంపియర్లు లాగితే 20 ఆంపియర్ అవర్లు పోతాయి, అంటే సగానికి పైన. స్టార్ట్ అవడం అనుమానమే. 400 లాగితే మంగళవారం సాయంత్రానికే బ్యాటరీ సగానికి దిగుతుంది, గురువారం మధ్యాహ్నానికి ఖాళీ. రోజూ నడిచే కారులో ఇదే తప్పు నెలల తరబడి దాక్కుని ఉండగలదు.

రోజూ నడిచినా ఎక్కడ నడుస్తోందన్నది ముఖ్యం. కె.ఆర్.పురం టిన్ ఫ్యాక్టరీ కూడలి దగ్గరా, అక్కడి తీగల వంతెన మీదా, ఔటర్ రింగ్ రోడ్డు మీదా బంపర్‌కు బంపర్ ఆనించి కదిలే కారులో ఇంజను ఎక్కువ సేపు ఐడిల్‌లోనే తిరుగుతుంది. ఆ వేగంలో ఆల్టర్నేటర్ తన పూర్తి సామర్థ్యంలో కొంత భాగమే ఇస్తుంది. అందులో ఏసీ, హెడ్‌లైట్లు, వైపర్లు తమ వాటా తీసుకోగా బ్యాటరీకి మిగిలేది తక్కువ. అదే కారు ఓల్డ్ మద్రాస్ రోడ్డు పట్టుకుని హొసకోటె, కోలారు, ముళబాగిలు, పలమనేరు, చిత్తూరు మీదుగా తిరుపతి వెళ్లొస్తే గంటల తరబడి నిండా ఛార్జ్ అవుతుంది. దాంతో సోమవారం బండి చక్కగా లేస్తుంది, తప్పు దానంతటదే పోయిందన్న భ్రమ కలుగుతుంది. ఇలా ఒక వారం ఉండి ఒక వారం లేనట్టు కనిపించడమే ఈ సమస్యలో మనుషుల్ని ఎక్కువగా తికమక పెట్టే సంగతి.

తాళం తీసిన కారు అసలేమీ లాగకూడదనుకోవడం సరికాదు. గడియారం, దొంగల అలారం, రిమోట్ తాళం సంకేతం కోసం ఎదురుచూసే రిసీవర్, ఇంజను కంప్యూటర్ జ్ఞాపకం, స్టీరియోలో దాచుకున్న స్టేషన్లు, వీటన్నిటికీ కాస్త కరెంటు కావాలి. మొత్తం కలిపి 50 మిల్లీ ఆంపియర్లలోపు ఉంటే మామూలే అని సాధారణ లెక్క. అయితే కారు తాళం వెయ్యగానే ఈ స్థితికి రాదు. లోపలి కంప్యూటర్లు ఒక్కొక్కటిగా నిద్రపోతాయి. దానికి 20 నుంచి 40 నిమిషాలు పట్టవచ్చు. ఈ సంగతి తెలియక, బానెట్ ఎత్తిన రెండు నిమిషాల్లో మీటరు పెట్టి, ఆంపియర్ల లెక్కన కనిపించిన అంకె చూసి లేని తప్పు కోసం వెతికేవాళ్లు చాలామంది.

ఖాళీ అవడం బ్యాటరీకి ఒక్కరోజు ఇబ్బంది మాత్రమే కాదు. 1859లో ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే చేసిన సీసం-ఆమ్లం సెల్ సూత్రంతోనే నేటి కారు బ్యాటరీలూ పనిచేస్తున్నాయి. తిరుపతి దగ్గర కరకంబాడిలో అమర రాజా వారి ఫ్యాక్టరీలో తయారయ్యేవీ ఆ జాతివే. కరెంటు బయటికి పోయేకొద్దీ పలకల మీద లెడ్ సల్ఫేట్ ఏర్పడుతుంది. వెంటనే ఛార్జ్ చేస్తే అది తిరిగి కరిగిపోతుంది. రోజుల తరబడి ఖాళీగా ఉంచితే గట్టి స్ఫటికాలై పలకలకు అంటుకుపోతుంది, అంత మేరకు సామర్థ్యం శాశ్వతంగా తగ్గుతుంది. స్టార్టర్‌కు కొన్ని సెకన్ల పాటు భారీ కరెంటు ఇచ్చి వెంటనే తిరిగి నిండేలా తయారైన బ్యాటరీ ఇది. పూర్తిగా ఖాళీ అయి మళ్లీ నిండటం దీనికి పడదు. స్టీరియో వైరింగ్ తప్పు వల్ల నాలుగైదు సార్లు అడుగంటిన బ్యాటరీ, ఆ తప్పు సరిచేశాక కూడా బలహీనంగానే మిగిలిపోవచ్చు. అందుకే జంప్ ఇచ్చి నెట్టుకొద్దాం అనుకుంటూ వారాలు గడపడం మంచిది కాదు.

ఇక వైర్ల సంగతి. బయట కొనే స్టీరియోల వెనక నుంచి వచ్చే గుత్తిలో రంగులకు చాలావరకు ఒకే అర్థం ఉంటుంది. పసుపు వైరు ఎప్పుడూ కరెంటు ఉండేది. స్టీరియో జ్ఞాపకం దీని మీదే నిలుస్తుంది, అసలు విద్యుత్తు కూడా ఎక్కువ భాగం దీని గుండానే వస్తుంది. ఎరుపు వైరు తాళం చెప్పే మాటను మోసేది. తాళం ఏసీసీ (యాక్సెసరీ) స్థానానికి వస్తే దీంట్లో 12 వోల్టులు రావాలి, తాళం తీస్తే సున్నా కావాలి. నలుపు ఎర్త్. నీలం-తెలుపు చారల వైరు ఆంప్లిఫయర్‌ను లేపేది. తెలుపు, బూడిద, ఆకుపచ్చ, ఊదా జంటలు స్పీకర్లవి. బ్యాటరీ దిగిపోయే కథ ఎక్కువగా పసుపు, ఎరుపుల దగ్గరే నడుస్తుంది. తాళం లేకుండా పాటలు వినాలని యజమాని అడిగినా, డాష్‌బోర్డు వెనక ఏసీసీ వైరు చప్పున దొరకకపోయినా, బిగించేవాళ్లు ఈ రెంటినీ కలిపి మెలిపెట్టి నల్ల టేపు చుట్టేస్తారు. ముందు ప్యానెల్ విప్పి స్టీరియోను అరచెయ్యంత బయటికి లాగితే ఆ ముడి కంటికి కనిపిస్తుంది: రెండు రంగులు ఒకే మెలికలో కలిసి కారు వైపు ఒకే వైరులోకి వెళ్తుంటాయి. పాట ఆపినా, తెర నల్లబడినా, తాళం ఇంకా ఉందనే స్టీరియో అనుకుంటుంది. బటన్‌తో ఆపడం వల్ల తెర ఆరుతుందేమో గానీ, లోపలి యంత్రం నిద్రపోదు.

అయితే స్టీరియో వైపు రంగులకున్న నియమం కారు వైపు వైర్లకు లేదు. ఒక కంపెనీ కారులో ఎప్పుడూ కరెంటు ఉండే వైరు తెల్లగా ఉండవచ్చు, ఇంకో దాంట్లో నీలంగా ఉండవచ్చు. అందువల్ల రంగు చూసి రంగు కలపడం ప్రమాదకరం. ప్రతి వైరునూ మీటరుతో చూసే తేల్చాలి. యూరప్ కార్లలో కనిపించే ఐఎస్‌ఓ 10487 కప్లర్‌లో 4వ పిన్ను శాశ్వత కరెంటుకు, 7వది తాళం కరెంటుకు కేటాయించారు. కానీ ఫోక్స్‌వ్యాగన్ జాతి కార్లు కొన్నింటిలో ఈ రెండూ తారుమారుగా ఉంటాయి. మామూలు కప్లర్ నేరుగా గుచ్చితే స్టీరియో తాళం తీసిన ప్రతిసారీ స్టేషన్లు మరిచిపోతుంది, లేదంటే అసలు ఆరదు. అందుకే చాలా కప్లర్లలో పసుపు, ఎరుపు వైర్ల మధ్యలో తీసి మార్చుకోగలిగే చిన్న జాయింటు ఇస్తారు. కొన్ని కొత్త కార్లలో స్టీరియో దగ్గరికి ఏసీసీ వైరే రాదు. తాళం తిప్పిన కబురు క్యాన్ అనే డేటా లైను మీద వస్తుంది. అలాంటి కారుకు ఆ కబురు చదివి ఎరుపు వైరుకు 12 వోల్టులు ఇచ్చే అడాప్టర్ పెట్టె కావాలి. ఆ పెట్టె నాసిరకమైతే, తనే నిద్రపోకుండా కారు కంప్యూటర్లను కూడా పడుకోనివ్వదు.

ఆండ్రాయిడ్ స్టీరియోలది ఇంకో తీరు. ఇవి నిజానికి తెర ఉన్న కంప్యూటర్లు. తాళం తిప్పిన వెంటనే తెర వెలగాలని చాలా మోడళ్లు పూర్తిగా ఆరకుండా కునుకు తీసే పద్ధతిలో ఉంటాయి. వైరింగ్ అంతా సరిగా ఉన్నా, కునుకులోకి వెళ్లనివ్వని యాప్ ఒక్కటి ఉంటే చాలు, వందల మిల్లీ ఆంపియర్లు రాత్రంతా పోతూనే ఉంటాయి. సెట్టింగుల్లో తాళం తీశాక ఎంతసేపటికి పూర్తిగా ఆరాలో చెప్పే చోటు ఉంటే తక్కువ సమయం ఎంచుకోవాలి. పొద్దున తెర రావడానికి అర నిమిషం ఆలస్యమైనా, వారానికోసారి బయటికి తీసే కారుకు అదే మేలు.

స్టీరియో నిర్దోషి అయినా దాని తోడువి కాకపోవచ్చు. ఆంప్లిఫయర్ లేదా సీటు కింద పెట్టే సబ్‌వూఫర్‌కు వెళ్లే నీలం-తెలుపు వైరును శాశ్వత కరెంటుకు కలిపితే, పాట లేకపోయినా అది మేలుకునే ఉంటుంది. పెద్ద ఆంప్లిఫయర్ ఊరికే ఉండి కూడా ఒక ఆంపియరుకు మించి తినగలదు. పార్కింగులో కూడా రికార్డు చేసే డాష్‌క్యామ్, జీపీఎస్ ట్రాకర్, ఓబీడీ సాకెట్‌లో గుచ్చి మరిచిపోయిన డాంగిల్, బిగించేటప్పుడు కదిలిపోయి మూతపడని గ్లవ్‌బాక్సు స్విచ్చు, సబ్‌వూఫర్ సామాను వల్ల మూత సరిగా పడక వెలుగుతూనే ఉన్న డిక్కీ లైటు, ఇవన్నీ అదే రోజు, అదే షాపులో పుట్టే తప్పులు. జె.సి. రోడ్డులోనో, ఇంటి దగ్గరి యాక్సెసరీ షాపులోనో ఒకే విడతలో నాలుగు వస్తువులు పెట్టించినప్పుడు, నాలుగింటిలో నేరం స్టీరియో మీదికి వెళ్లడానికి కారణం అది కళ్లెదురుగా ఉండటమే.

పరీక్ష బ్యాటరీతో మొదలు కావాలి. ఎస్.పి. రోడ్డులోని ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరికే మామూలు డిజిటల్ మల్టీమీటర్ చాలు; కాకపోతే అందులో 10 ఆంపియర్ల డీసీ సాకెట్ ఉండాలి. కారు కొన్ని గంటలు కదలకుండా ఉన్నాక బ్యాటరీ రెండు కొసల మధ్య 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు వంతే మిగిలిందని స్థూలంగా లెక్క. అంకెల మధ్య తేడా ఎంత తక్కువో గమనించాలి. 12 వోల్టులు చూపిస్తోంది కాబట్టి బ్యాటరీ బాగుందనడం తరచూ వినిపించే పొరపాటు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు నిండిన బ్యాటరీ కూడా 9.6 కిందికి పడిపోతుంటే బ్యాటరీనే అనుమానించాలి. ఇంజను నడుస్తుండగా 13.8 నుంచి 14.5 దాకా వస్తే ఆల్టర్నేటర్ పని సరిగా ఉన్నట్టే. కొత్త కార్లలో కంప్యూటర్ అవసరాన్ని బట్టి ఈ వోల్టేజిని పెంచి తగ్గిస్తుంది కనుక ఒక్కసారి చూసి తీర్పు చెప్పకూడదు.

ఆంపియర్లు కొలవడానికి జంకేవాళ్లు వోల్టులతోనే ఒక మంచి పరీక్ష చెయ్యవచ్చు. బ్యాటరీని ఛార్జరుతో నింపి, రెండు గంటలు ఆగి, వోల్టేజి రాసుకోవాలి. ఆ తర్వాత 24 గంటలు కారును ముట్టుకోకుండా ఉంచి మళ్లీ చూడాలి. 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ నుంచి 0.4 ఆంపియర్లు పోతుంటే ఒక్క రోజులో పావు వంతుకు పైగా ఖాళీ అయి, వోల్టేజి దాదాపు 0.2 తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్న కారులో ఆ తగ్గుదల దాదాపు తెలియదు. తర్వాత మళ్లీ నింపి, ఈసారి స్టీరియో ఫ్యూజు తీసి, అదే పరీక్ష ఇంకో రోజు చెయ్యాలి. ఫ్యూజు ఉన్న రోజు బాగా దిగి, లేని రోజు నిలబడితే దారి దొరికినట్టే. రెండు రోజులూ ఒకేలా దిగితే స్టీరియోను వదిలి వేరేచోట వెతకాలి. ఒక వారాంతం దీనికి పోతుంది, కానీ రూపాయి ఖర్చు లేకుండా వచ్చే సాక్ష్యం ఇంతకన్నా మంచిది లేదు.

కచ్చితమైన పద్ధతి మాత్రం కరెంటునే కొలవడం. తాళం తీసి, అన్నీ ఆపి, బానెట్ ఎత్తి, డ్రైవరు తలుపు గొళ్లేన్ని స్క్రూడ్రైవరుతో మూసిన స్థితికి నొక్కితే తలుపు తెరిచే ఉన్నా మూసి ఉందని కారు అనుకుంటుంది. అప్పుడు ఫ్యూజు పెట్టె అందుబాటులో ఉంటుంది. రిమోట్ తాళాన్ని ఇంట్లో వదిలి రావాలి. కారు దగ్గరుంటే అది కంప్యూటర్లను లేపుతూనే ఉంటుంది. నెగెటివ్ కొస నట్టు వదులు చేసి, కేబుల్ తీసి, మీటరు ఎర్ర తీగను 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి, మీటరును కేబుల్‌కూ బ్యాటరీ నెగెటివ్ కొసకూ మధ్య కలపాలి. ఇక ముప్పావు గంట ఆగాలి. ఈలోగా తాళం తిప్పకూడదు, సెల్ఫ్ అసలే కొట్టకూడదు; కొడితే మీటరు లోపలి ఫ్యూజు ఆ క్షణంలోనే పోతుంది. పని ముగిశాక ఎర్ర తీగను వోల్టుల సాకెట్‌కు మార్చడం మరిచిపోయి మళ్లీ బ్యాటరీ కొసల మీద పెడితే నేరుగా షార్టు అవుతుంది. డీసీ కొలిచే క్లాంప్ మీటరు ఉన్నవాళ్లకు కేబుల్ తీసే శ్రమే ఉండదు. కానీ మిల్లీ ఆంపియర్లను నమ్మకంగా చూపించేది కావాలి.

ముప్పావు గంట తర్వాత మీటరు 0.38 దగ్గర నిలబడిందనుకుందాం. ఇప్పుడు ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ అంకె ఎప్పుడు పడిపోతుందో చూడాలి. ఆడియో ఫ్యూజు తియ్యగానే 0.02కి వస్తే తప్పు ఆ సర్క్యూట్‌లో ఉంది. అంతమాత్రాన నేరం స్టీరియోదేనని తేలిపోలేదు; కొన్ని కార్లలో రేడియో, లోపలి లైటు, గడియారం ఒకే ఫ్యూజు మీద ఉంటాయి. ఫ్యూజు తిరిగి పెట్టి, స్టీరియో వెనక కప్లర్ ఊడదీసి, మళ్లీ నిద్రపట్టనిచ్చి చూసినప్పుడు కూడా అంకె పడిపోతేనే సంగతి ఖాయం. ఫ్యూజులు తీసి పెడుతుంటే కొన్ని కార్లలో కంప్యూటర్లు లేచి అంకె చెదురుతుంది. అలాంటప్పుడు ఫ్యూజు తియ్యకుండానే, దాని వీపు మీద కనిపించే రెండు చిన్న లోహపు చుక్కల మధ్య మిల్లీవోల్టులు కొలవాలి. కరెంటు పారని ఫ్యూజు మీద సున్నా ఉంటుంది. 10 ఆంపియర్ల మినీ ఫ్యూజు మీద 3 మిల్లీవోల్టులు కనిపిస్తే దాంట్లో 0.4 ఆంపియర్లు పోతున్నట్టు. అన్ని ఫ్యూజులూ చూసినా అంకె కదలకపోతే, బ్యాటరీ నుంచి నేరుగా లాగిన ఆంప్లిఫయర్ వైరు వైపు చూడాలి. దాని ఫ్యూజు కారు పెట్టెలో ఉండదు, ఆ వైరు మీదే ఉంటుంది, ఉండాలి. లేకపోతే నిప్పంటుకునే ప్రమాదం బ్యాటరీ దిగిపోవడం కన్నా పెద్దది.

తప్పు స్టీరియోదని తేలాక, వెనక ఎరుపు వైరు మీద మీటరు పెట్టి ఒకే ప్రశ్న అడగాలి: తాళం తీశాక వోల్టేజి సున్నా అవుతోందా? కొన్ని కార్లలో తలుపు తెరిచేదాకా, లేదా కొన్ని నిమిషాలదాకా ఏసీసీ కరెంటు నిలుస్తుంది. అది గడిచాక కూడా 12 వోల్టులుంటే వైరింగ్ తప్పు. సున్నా అయ్యాక కూడా పసుపు వైరులో వందల మిల్లీ ఆంపియర్లు పారుతుంటే తప్పు స్టీరియో లోపలే, లేదా దాని కునుకు సెట్టింగులో ఉంది. ఈ పనిలో ఒక హెచ్చరిక: డాష్‌బోర్డు వెనక పసుపు తొడుగుతో, పసుపు కప్లర్లతో కనిపించేవి సాధారణంగా ఎయిర్‌బ్యాగులవి. వాటికి మీటరు కొస తగిలించకూడదు, ఊడదియ్యకూడదు. స్టీరియో పసుపు వైరుతో వాటికి ఏ సంబంధమూ లేదు.

సరిచెయ్యడం చాలాసార్లు అరగంట పని. పసుపు, ఎరుపు ముడి విప్పి, ఎరుపును నిజమైన ఏసీసీ వైరుకు కలపాలి. వెనక అది దొరక్కపోతే, తాళంతో పాటు ఆరిపోయే సర్క్యూట్ ఫ్యూజు దగ్గర ఫ్యూజు ట్యాప్ పెట్టి కొత్త వైరు లాగాలి. మెలిపెట్టి టేపు చుట్టిన జాయింట్ల కన్నా నొక్కి బిగించిన, లేదా సోల్డర్ చేసి ష్రింక్ ట్యూబు వేసిన జాయింట్లు నిలుస్తాయి. కారు సొంత వైర్లు కొయ్యకుండా, ఆ మోడల్‌కు సరిపడే కప్లర్‌తోనే కలపడం మేలు. వైరు కోసిన కారుకు ఎలక్ట్రికల్ వారంటీ విషయంలో సర్వీసు సెంటరు అభ్యంతరం చెప్పవచ్చు. బ్యాటరీ నెగెటివ్ కొస మీద సెన్సారు పెట్టె ఉన్న కారులో ఆంప్లిఫయర్ ఎర్త్‌ను ఆ కొసకు కాక బాడీకి బిగించాలి; లేదంటే సెన్సారు లెక్క తప్పుతుంది.

ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడేటప్పుడు కొలిచిన అంకె ఎంతో ఉపయోగపడుతుంది. తెలుగు, కన్నడ, తమిళం, హిందీ కలిసి వినిపించే కె.ఆర్.పురంలో ఏ భాషలో చెప్పినా, “బ్యాటరీ ఊరికే దిగిపోతోంది” అంటే వచ్చే జవాబు “కొత్త బ్యాటరీ వేసుకోండి సార్” అనే. “తాళం తీసిన ముప్పావు గంటకు కూడా 0.38 లాగుతోంది, ఆడియో ఫ్యూజు తీస్తే 0.02” అంటే ఆయన నేరుగా స్టీరియో వెనక చెయ్యి పెడతాడు. బిగించిన షాపులోనే ఉచితంగా సరిచేయించుకోవడానికీ ఆ అంకెలే ఆధారం. అక్కడ కొందరు బ్యాటరీకి కటాఫ్ స్విచ్చు పెట్టిస్తే సరిపోతుందంటారు. అది తప్పును దాచడమే. రోజూ కరెంటు మొత్తం తెంచితే గడియారం, కిటికీల ఆటో సెట్టింగు, అలారం అన్నీ పోతాయి, తప్పుడు ముడి మాత్రం డాష్‌బోర్డు వెనక అలాగే ఉంటుంది.

బండి అప్పటికే చచ్చి ఉంటే జంప్ ఇవ్వాలి: పాజిటివ్‌కు పాజిటివ్, మంచి బ్యాటరీ నెగెటివ్‌కు నలుపు, ఆ నలుపు రెండో కొసను దిగిపోయిన కారు ఇంజను లోహానికి, బ్యాటరీకి దూరంగా. నిప్పురవ్వ ఎగిరినా బ్యాటరీ మీది హైడ్రోజన్‌కు తగలకుండా ఈ జాగ్రత్త. ఆటోమేటిక్ కారును తోసి స్టార్ట్ చెయ్యలేరు. స్టార్ట్ అయ్యాక టిన్ ఫ్యాక్టరీ దాకా వెళ్లొస్తే బ్యాటరీ నిండదు. సగానికి దిగిన 35 ఆంపియర్ అవర్ బ్యాటరీకి 3.5 ఆంపియర్ల ఛార్జరు మీద ఆరు గంటలైనా కావాలి.

మరమ్మతు తర్వాత అదే పరీక్ష మళ్లీ చెయ్యాలి: ముప్పావు గంట ఆగి, మీటరు 50 మిల్లీ ఆంపియర్ల కిందికి వచ్చిందని కళ్లతో చూడాలి. ఆ తర్వాత కూడా నిండా ఛార్జ్ చేసిన బ్యాటరీ ఊరికే ఉండి రెండు మూడు రోజుల్లో 12.4 కిందికి జారినా, లోడ్ పరీక్షలో నిలవకపోయినా, దాన్ని మార్చాల్సిందే. వారంటీ ఉన్నా దుకాణంవాళ్లు ముందు ఛార్జ్ చేసి పరీక్షిస్తారు. ఖాళీ అయినంత మాత్రాన కొత్తది ఇవ్వరు. పాత బ్యాటరీని తుక్కువాళ్లకు వెయ్యకుండా, కొత్తది కొన్నచోటే ఎక్స్‌ఛేంజ్‌కు ఇస్తే ధరలో తగ్గింపు వస్తుంది. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు వాటిని వెనక్కి తీసుకుని రీసైక్లింగ్‌కు పంపే బాధ్యతను తయారీదారుల మీద ఉంచాయి.